తాబేలు గుర్తు ధరించిన పందెగాడు: టాజియో నువొలారి

పందెం ఫలితం ఎంత దూరం పోగలదో పల్నాటి సీమలో పుట్టి పెరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒక్క కోడిపందెంలోని ఓటమి బ్రహ్మనాయుని పక్షంవారిని ఏడేండ్ల ప్రవాసానికి పంపి, తుదకు కారెంపూడి రణరంగానికి దారితీసిన గాథను వీరవిద్యావంతులు తరతరాలుగా గానం చేస్తూనే ఉన్నారు. నేటికీ తిరునాళ్లలో ఎడ్లు బండలాగే పందెం జరిగేటప్పుడు, జోడీ బరిలో దిగీ దిగకముందే చుట్టూ నిలిచిన పెద్దలు గెలుపెవరిదో తేల్చివేస్తారు. వారి అంచనా చాలాసార్లు నిజమవుతుంది. ఎప్పుడైనా తప్పినప్పుడు మాత్రం దానిని అదృష్టమంటారు. ఉర్దూ మాటలాడే ఇండ్లలో తక్దీర్ అంటారు. కాని ఆ మాటకు జంటగా మన పెద్దలు మరొక మాట కూడా వాడుతూ వచ్చారు. అది తద్బీర్. అంటే యోచన, ఉపాయం, పూనిక. ఎవరూ ఊహించని గెలుపులో ఈ రెండింటి పాళ్లు ఎంతెంత అని ఆలోచించేవారు తెలుసుకొనదగిన జీవితం టాజియో నువొలారి అనే ఇటలీ దేశపు మోటారు పందెగానిది.

మోటారు పందేలు మనకు దూరపు వినోదమనిపించవచ్చును. అయినా 2023 ఫిబ్రవరిలో విద్యుత్తుతో నడిచే కార్ల ప్రపంచ స్థాయి పందెం హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన జరిగి, ఆ వినోదం తెలుగునేలకు కూడా వచ్చింది. ఈ పందేల చరిత్రలో పెద్దల అంచనాలు తలక్రిందులైన సందర్భాలు అనేకం. 1971లో ఇటలీలోని మోంజాలో ఐదుగురు పందెగాళ్లు ఒక సెకను తేడా కూడా లేకుండా గమ్యం దాటగా, సెకనులో నూరవవంతు ముందున్న పీటర్ గెథిన్ విజేత అయ్యాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్పులో ఆయన గెలిచిన పందెం అదొక్కటే. 1996లో మొనాకోలో పదునాల్గవ స్థానం నుంచి బయలుదేరిన ఒలివియె పానిస్ గెలిచాడు. చివరి గీత దాటేటప్పటికి పరుగులో మిగిలినవి మూడు కార్లే. 2005లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో టైర్ల వివాదం వల్ల పదునాలుగు కార్లు తప్పుకోగా ఆరు మాత్రమే పోటీలో నిలిచాయి. ఆ నాడు నాల్గవ స్థానం పొందిన కోయంబత్తూరు యువకుడు నారాయణ్ కార్తికేయన్, ఫార్ములా వన్ పందేలలో పాయింట్లు సంపాదించిన తొలి భారతీయుడైనాడు.

ఇటువంటి వింత ఫలితాలను లెక్కించేటప్పుడు ఎవరైనా మొదట తలచుకొనే తేదీ మాత్రం 1935 జులై 28. ఆ దినపు కథానాయకుడే నువొలారి.

ఆయన 1892 నవంబరు 16న ఉత్తర ఇటలీలో మాంటువా నగరానికి చేరువనున్న కాస్టెల్ దారియో అనే గ్రామంలో జన్మించాడు. వారిది కలిగిన రైతు కుటుంబం. తండ్రి ఆర్టురో సైకిలు పందేలలో పేరున్నవాడు. పినతండ్రి జుసెప్పె ఆ క్రీడలో ఇటలీ జాతీయ విజేత. వేగం మీది మక్కువ ఆ ఇంట్లో వారసత్వంగా వచ్చిన ఆస్తి అనవచ్చు. టాజియో మాత్రం పొట్టివాడు, బక్కపలుచనివాడు. ఆ రోజుల్లో పందెపు కార్లు నడపడానికి బలిష్ఠమైన భుజాలు కావాలి. స్టీరింగు చక్రం తిప్పడం, బ్రేకు తొక్కడం నాడు దేహబలంతో కూడిన పనులు. చూడగానే పందెగాడని నమ్మదగిన ఆకారం ఆయనకు లేదు.

1915లో మోటారు సైకిలు పందేలకు లైసెన్సు పొందేనాటికి ఐరోపా ప్రథమ ప్రపంచయుద్ధంలో మునిగి ఉన్నది. ఆయన సైన్యంలో వాహనచోదకుడుగా పని చేశాడు. 1917లో కరోలినా పెరీనాను వివాహమాడాడు. యుద్ధం ముగిసి, పందేలు తిరిగి ప్రారంభమై, ఆయన వాటిలో అడుగుపెట్టేసరికి 1920వ సంవత్సరం వచ్చింది. అప్పటికి వయస్సు ఇరువది ఏడు. తోటివారు కొందరు పేరు సంపాదించుకొని స్థిరపడే వయస్సులో ఆయన ఓనమాలు దిద్దడం మొదలుపెట్టాడు.

మొదటి దశాబ్దంలో ఆయన కీర్తి ప్రధానంగా మోటారు సైకిలు మీదనే వచ్చింది. బియాంకీ సంస్థవారి 350 సీసీ వాహనంపై 1925లో ఐరోపా విజేత అయ్యాడు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో ఆల్ఫా రోమియోవారు తమ పందెపు కారును పరీక్షగా నడపడానికి ఆయనకు మోంజాలో అవకాశమిచ్చారు. కారు అదుపు తప్పి నుజ్జయింది. ఆయన తీవ్రంగా గాయపడ్డాడు. పక్షం రోజులు గడవకముందే అదే మోంజాలో మోటారు సైకిలు పందెమున్నది. దేహమంతా కట్లు. ఆయన వైద్యులచేత తన శరీరాన్ని వాహనం మీద వంగి కూర్చున్న భంగిమలోనే బిగించి కట్టించుకొని, ఇతరులు ఎత్తి కూర్చోబెట్టగా, వర్షంలో ఆ పందెం గెలిచాడు. ఇది కేవలం మొండితనమని కొట్టివేయరాదు. నిలబడలేని వానికి పందెంలో నిలబడవలసిన అవసరం లేదని, కూర్చుంటే చాలునని ఆయన గ్రహించాడు. ఉన్న లోపాన్ని కొలుచుకొని, దానికి సరిపడే ఏర్పాటు చేసుకోవడం ఆయన జీవితమంతటా కనిపించే గుణం.

ఆ తరువాత ఆయన కార్ల పందేలకు పూర్తిగా మళ్లాడు. ఆయనకు దీటైన ప్రత్యర్థి అకిల్లె వార్జీ అనే మరొక ఇటలీవాడు. వార్జీ నడక లెక్క తప్పనిది, నిదానమైనది, నువొలారిది ఉద్ధృతమైనది. వారి స్పర్ధ ఇటలీ ప్రజలను రెండు పక్షాలుగా చీల్చింది. 1930లో బ్రెషియా నుంచి రోముకు పోయి తిరిగివచ్చే సుమారు 1600 కిలోమీటర్ల మిల్లె మిలియా పందెంలో నువొలారి వార్జీని వెనుకకు నెట్టి గెలిచాడు. గంటకు నూరు కిలోమీటర్లకు మించిన సగటు వేగం ఆ పందెంలో నమోదు కావడం అదే ప్రథమం. 1932లో సిసిలీ దీవిలోని టార్గా ఫ్లోరియో, మొనాకో, ఇటలీ, ఫ్రాన్సు పందేలను వరుసగా గెలిచి ఐరోపా ఛాంపియన్ అయ్యాడు. 1933లో రేమోన్ సోమెర్ అనే ఫ్రెంచి పందెగానితో కలిసి ఇరువది నాలుగు గంటల ల మాన్ పందెంలో విజయం సాధించాడు.

1932లోనే గబ్రియేలె దనున్‌జియో అనే ప్రసిద్ధ ఇటలీ కవి ఆయనకు బంగారు తాబేలు బొమ్మ నొకదానిని బహూకరించాడు. మనుషులలో అతి వేగవంతునికి జంతువులలో అతి నిదానమైనదానిని కానుకగా ఇవ్వడంలోని చమత్కారం కవిది. కాని నువొలారి దానిని చమత్కారంగా తీసుకోలేదు. ఆనాటి నుంచి పసుపుపచ్చని చొక్కా, దానిపై తాబేలు బొమ్మ ఆయన వేషమయ్యాయి. కుందేలు కథ చదువుకున్న మన పిల్లలకు తాబేలు అర్థం వివరించనక్కరలేదు.

1934 ఏప్రిల్‌లో అలెస్సాండ్రియా పట్టణంలో జరిగిన పందెంలో వర్షం వల్ల కారు జారి ఆయన కాలు విరిగింది. నాలుగు వారాల తరువాత, కాలికి ఇంకా ప్లాస్టరు కట్టు ఉండగానే, బెర్లిను సమీపంలోని ఆవుస్ పందెంలో పాల్గొన్నాడు. ఒక కాలితోనే అన్నీ తొక్కగలిగేటట్లు కారు పెడల్స్ మార్పించుకొని ఐదవ స్థానంలో వచ్చాడు.

ఇక 1935. ఈ సంవత్సరపు పరిస్థితిని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. జర్మనీలో హిట్లరు అధికారంలోనికి వచ్చి అప్పటికి రెండేండ్లు దాటింది. ప్రపంచానికి తన ఆధిక్యాన్ని చాటడానికి అతని ప్రభుత్వం ఎన్నుకున్న మార్గాలలో మోటారు పందెం ఒకటి. మెర్సిడెస్ బెంజ్, ఆటో యూనియన్ అనే రెండు సంస్థలకు ప్రభుత్వ ధనసహాయం అందింది. 1934లో వచ్చిన నిబంధన ప్రకారం పందెపు కారు బరువు 750 కిలోలు మించరాదు; ఇంజను శక్తికి మాత్రం పరిమితి లేదు. తేలికైన లోహాలు, అపార ధనం, నిపుణులైన ఇంజనీర్లు గల జర్మనులు ఆ సందును పూర్తిగా ఉపయోగించుకొని, అంతవరకు ఎవరూ చూడని శక్తిగల వెండిరంగు కార్లను నిర్మించారు. నువొలారి కూడా ఆటో యూనియన్‌లో చేరాలని ప్రయత్నించాడు. అప్పటికే ఆ జట్టులో ఉన్న వార్జీ అందుకు సమ్మతించలేదని అంటారు. గత్యంతరం లేక ఆయన ఎంజో ఫెరారి నిర్వహించే ఆల్ఫా రోమియో జట్టుకు తిరిగి వచ్చాడు. ఆయనకు దొరికిన పి 3 కారు 1932 నాటి నమూనా. దానికి ఎన్ని మార్పులు చేసినా జర్మను కార్లకంటే సుమారు వంద అశ్వశక్తి తక్కువ.

జర్మను గ్రాండ్ ప్రి పందెం నూర్బుర్గ్‌రింగ్‌లో జరిగింది. ఐఫెల్ కొండల నడుమ 22.8 కిలోమీటర్ల పొడవున, నూట డెబ్బైకి పైగా మలుపులతో, ఎత్తుపల్లాలతో సాగే బాట అది. దానిని ఇరువది రెండుసార్లు చుట్టాలి. అంటే ఐదువందల కిలోమీటర్లు. బరిలో ఐదు మెర్సిడెస్ కార్లు, నాలుగు ఆటో యూనియన్ కార్లు ఉన్నాయి. లక్షలాది ప్రేక్షకులు, అధికార పక్షపు ప్రముఖులు స్వదేశ విజయాన్ని చూడడానికి సిద్ధంగా ఉన్నారు. నువొలారి వయస్సు నలుబది రెండు. ఆయనకు తోడుగా వచ్చిన ఆల్ఫా పందెగాళ్లు షిరాన్, బ్రివియో ఇద్దరూ కార్లు చెడిపోయి తొలిదశలోనే తప్పుకున్నారు.

ఆ ఉదయం మంచు, వాన తుంపర. బాట తడిసి ఉన్నది. పెద్దల అంచనా ఇక్కడే తప్పడం మొదలైంది. తిన్నని దారిలో ఇంజను శక్తి వరమే. తడిసిన మలుపులో అదే శాపం. చక్రాలు పట్టు తప్పి తిరుగుతాయి, టైర్లు త్వరగా అరుగుతాయి. తన కారు బలహీనతను మలుపుల బాట కొంతమేరకు కప్పిపుచ్చగలదని నువొలారికి తెలుసు. మలుపులో కారును కావాలని జార్చి, ఆ జారుడులోనే ముందుకు నడిపించే విద్యలో ఆయన అందెవేసిన చెయ్యి. పదవ చుట్టు వచ్చేసరికి కరాచియోలా, రోజ్‌మయర్, ఫాన్ బ్రౌచిట్ష్ వంటి మహారథులను దాటి ఆయన ముందున్నాడు.

పందెం సగం గడిచాక కార్లన్నీ పెట్రోలుకు, టైర్లకు ఆగాయి. బ్రౌచిట్ష్ కారు పని నలుబది ఏడు సెకన్లలో పూర్తయింది. ఆల్ఫావారి పెట్రోలు పంపు అప్పుడే చెడిపోయింది. మెకానిక్కులు డబ్బాలతో పెట్రోలు పోయవలసి వచ్చింది. నువొలారి తిరిగి కదిలేసరికి రెండు నిమిషాల పదునాలుగు సెకన్లు గడిచాయి. అప్పటివరకు రెక్కలు కట్టుకొని సంపాదించినదంతా పోయి ఆయన ఆరవ స్థానానికి దిగజారాడు. ఈ ఘట్టంలో పందెం ముగిసినట్లేనని ఎవరైనా తలుస్తారు.

ఆయన మాత్రం తరువాతి చుట్టులోనే నలుగురిని దాటి రెండవ స్థానానికి వచ్చాడు. ముందున్నది బ్రౌచిట్ష్ ఒక్కడే. దూరం నిమిషానికి పైగా. ఆ దూరం చుట్టు చుట్టుకూ కొన్ని కొన్ని సెకన్లుగా కరుగుతూ వచ్చింది. వెనుకనుంచి వచ్చే ఒత్తిడికి బ్రౌచిట్ష్ కూడా వేగం పెంచక తప్పలేదు. పెంచినకొద్దీ ఆ భారీ శక్తికి టైర్లు అరిగాయి. ఆ సంగతి అతని జట్టువారికి తెలియనిది కాదు. కాని టైర్లు మార్చడానికి ఆగితే మొదటి స్థానం చేజారుతుంది. ఆగకపోతే టైరు నిలుస్తుందో లేదో తెలియదు. వారు ఆగకపోవడాన్నే ఎన్నుకున్నారు. చివరి చుట్టు మొదలయ్యేసరికి తేడా సుమారు ముప్పై ఐదు సెకన్లు. గమ్యం ఇంకా కొన్ని కిలోమీటర్లుందనగా బ్రౌచిట్ష్ కారు వెనుక టైరు పగిలింది. ఇంటి ముంగిట లక్షలాది జనం వెండిరంగు కారుకోసం ఎదురుచూస్తుండగా, ముందుగా వచ్చినది ఎర్రని ఆల్ఫా రోమియో. రెండవ, మూడవ, నాలుగవ స్థానాలలో స్టుక్, కరాచియోలా, రోజ్‌మయర్ వచ్చారు. పగిలిన టైరుతోనే కారు నడుపుకొచ్చిన బ్రౌచిట్ష్‌ది ఐదవ స్థానం.

ఇటలీ జాతీయగీతపు రికార్డు అక్కడ సిద్ధంగా లేదనీ, నువొలారి తనవెంట తెచ్చుకున్న రికార్డునే వాయించవలసి వచ్చిందనీ ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ నిజానిజాల మాట ఎట్లున్నా, గెలుపు ఎవరిదో ముందుగానే నిర్ణయించుకున్నవారి మనఃస్థితిని అది చక్కగా పట్టి ఇస్తుంది. ఇది జరిగిన రెండు నెలలలోపే, 1935 సెప్టెంబరులో, రక్తాన్నిబట్టి మనుషులను విభజించే నూరెంబర్గు చట్టాలు జర్మనీలో వెలువడ్డాయి. పుట్టుకతోనే శ్రేష్ఠత నిర్ణయమవుతుందనే సిద్ధాంతాన్ని ఒక పొట్టి మనిషి, పాత కారు, ఒక ఆదివారం నాడు ఎగతాళి చేసినట్లయింది.

అయితే చరిత్రను పురాణంగా మార్చుకోవడం విద్యార్థులకు తగదు. నువొలారి విజయం న్యాయానికి అన్యాయంమీద కలిగిన విజయం కాదు. నాటి ఇటలీలోనూ ముస్సోలినీ నియంతృత్వమే రాజ్యమేలుతున్నది. 1935 అక్టోబరులో ఆ దేశమే ఇథియోపియా మీద దండెత్తింది. నువొలారి గెలుపును ఆ ప్రభుత్వం తన గొప్పగానే చాటుకున్నది. పైగా మూడేండ్ల తరువాత నువొలారి స్వయంగా జర్మను కారు నడిపాడు. 1938 ఆరంభంలో రోజ్‌మయర్ వేగపు రికార్డు ప్రయత్నంలో మరణించాడు. ఆ వసంతంలో ఫ్రాన్సులోని పో పట్టణంలో నువొలారి నడుపుతున్న ఆల్ఫా కారుకు నిప్పంటుకున్నది. ఆయన ఆ సంస్థను వదలి ఆటో యూనియన్‌లో చేరాడు. ఇంజను వెనుకభాగంలో ఉండే ఆ కారును లొంగదీయడం చాలామందికి సాధ్యం కాలేదు. ఆయన అదే ఏడాది ఇటలీ గ్రాండ్ ప్రి పందెం, ఇంగ్లండులోని డానింగ్టన్ పందెం గెలిచాడు. 1939 సెప్టెంబరు 3న బెల్‌గ్రేడు పందెం గెలిచిన రోజుననే బ్రిటను, ఫ్రాన్సు జర్మనీపై యుద్ధం ప్రకటించాయి. ఆ యుద్ధంతో పందేలు నిలిచిపోయాయి. ఆయన మనసు రాజకీయాలలో కాదు, చక్రం మీదనే ఉన్నదని చెప్పడం సమంజసం. అది ఆయన ప్రతిభకు హద్దు కూడాను.

బాటమీద ఉపాయానికి లొంగిన విధి ఇంట్లో లొంగలేదు. 1937లో ఆయన పందెంకోసం ఓడలో అమెరికాకు పోతుండగా పెద్దకొడుకు జోర్జియో గుండె జబ్బుతో మరణించాడు. 1946లో చిన్నకొడుకు ఆల్బెర్టో మూత్రపిండాల వ్యాధితో కన్నుమూశాడు. ఇద్దరూ పద్దెనిమిదేండ్ల ప్రాయంలోనే పోయారు. అప్పటికే దీర్ఘకాలం పీల్చిన ఇంజను పొగలవల్ల ఆయన ఊపిరితిత్తులు చెడ్డాయి. ఆ స్థితిలోనూ ఆయన పందేలు మానలేదు. 1946లో ట్యూరిన్‌లో స్టీరింగు చక్రం ఊడి చేతికి రాగా, మిగిలిన కడ్డీ పట్టుకొనే కారును మరమ్మతు స్థలానికి తెచ్చాడు. 1947 మిల్లె మిలియాలో చిన్న సిసిటాలియా కారుతో చాలా దూరం ముందుండి, వర్షం ఇంజనును ఆటంకపరచగా రెండవవాడయ్యాడు. 1948లో అదే పందెంలో ఫెరారి కారు మడ్‌గార్డు, బానెట్టు ఊడిపోయినా ముందుండి నడిపి, చివరకు వాహనమే చతికిలబడగా ఆగాడు. నాడు ఆయన వయస్సు ఏబది ఐదు.

ఆయన చివరి పందెం 1950 ఏప్రిల్‌లో సిసిలీలో జరిగింది. మరుసటి నెలలోనే ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్‌లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ప్రారంభమైంది. ఈనాటి రికార్డు పుస్తకాలు అక్కడినుంచి లెక్క మొదలుపెడతాయి. అందువల్ల ఆ పట్టికలలో నువొలారి పేరు కనిపించదు. 1953 ఆగస్టు 11న పక్షవాతంతో ఆయన మాంటువాలో మరణించాడు. వేలాది జనం వెంట నడువగా, పందెపు దుస్తులతోనే ఆయనను సమాధి చేశారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బ్రౌచిట్ష్ టైరు పగలడం నువొలారి చేతిలో లేదు. అది తక్దీర్ అనవలసిందే. కాని టైరు పగిలిన క్షణాన ఆయన ముప్పై ఐదు సెకన్ల దూరంలో ఉండడం మాత్రం తక్దీర్ కాదు. పంపు చెడిననాడే నిరాశపడి ఉంటే, ఆ పగిలిన టైరు స్టుక్‌కో కరాచియోలాకో విజయం తెచ్చేది. నువొలారి పేరు ఐదవ వరుసలోనో ఆరవ వరుసలోనో మిగిలేది. ప్రేక్షకులు చూసిన అద్భుతం చివరి పది కిలోమీటర్లలో ఉన్నది. దానికి ముందు ఎవరూ చప్పట్లు కొట్టని తొమ్మిది పది చుట్లు ఉన్నాయి. ఆశ్చర్యమనేది బయట నిలిచి చూసేవారిది. లోపల ఉన్నవానికి అది కొన్ని కొన్ని సెకన్లుగా సంపాదించుకున్న కూలి.

విద్యార్థులారా! మనలో అనేకులు చిన్న ఊళ్లనుంచి, మొదటితరం చదువులనుంచి వచ్చినవారం. పట్టణాలవారి వాహనానికి ఉన్నంత అశ్వశక్తి మన వాహనానికి లేదన్నది దాచవలసిన సంగతి కాదు. నువొలారి కూడా తన కారు గురించి ఆ భ్రమ పెట్టుకోలేదు. కష్టపడిన ప్రతివానికీ గెలుపు వస్తుందని ఆయన జీవితం హామీ ఇవ్వదు. 1947లో, 1948లో ఆయన అంతే కష్టపడి ఓడిపోయాడు. ఆయన జీవితం చెప్పేది ఇంతమాత్రమే: ఎదుటివాని టైరు ఎప్పుడు పగులుతుందో ఎవరికీ తెలియదు, పగలకపోనూవచ్చును, కాని పగిలిననాడు దగ్గరలో ఉండడం మన పని. ఆ దగ్గరకు చేరే నడక తాబేలు నడకవలె ఎడతెగనిది కావాలి. పసుపుపచ్చని చొక్కామీద ఆ బొమ్మను ఆయన సుమారు పద్దెనిమిదేండ్లపాటు ధరించింది అందుకేనేమో.